చమురు మంత్రిగారి కళ్ళజోడు

చమురు మంత్రిగారికి తాగుడు లేదు, పేకాట లేదు, బావమరుదుల్ని ఉద్యోగాల్లో కూర్చోబెట్టే అలవాటు లేదు. ఉన్న జబ్బల్లా ఒకటే. కళ్ళజోడు పోగొట్టుకోవడం. అదీ అలా ఇలా కాదు. మనలాంటివాళ్ళం ఏడాదికో రెండేళ్ళకో ఒకటి పోగొట్టుకుని, ఇంట్లో నాలుగు మాటలు పడి, కొత్తది కొనుక్కుని ఊరుకుంటాం. ఆయన పొద్దున ఆఫీసులో అడుగుపెట్టి ఒకసారి, టీ తాగి ఒకసారి, ఎవరైనా ఫైలు చేత పట్టుకుని గుమ్మంలోకి రావడం చూసి ఇంకోసారి పోగొట్టుకునేవారు.

పోగొట్టుకోవడం ఆయన వంతు. వెతకడం పీఏ వంతు.

పీఏ అంటే ఆవిడ ఆ శాఖలో చిన్న వయసులో చేరి, మంత్రులు మారుతున్నా తను మారకుండా, కుర్చీతో పాటు వచ్చే సామానులా మిగిలిపోయిన మనిషి. కొత్త మంత్రులకు బీరువా తాళాలూ, ఆవిడనీ కలిపి అప్పజెప్పేవారు. ఎందరినో చూసింది. మాట ఇచ్చి తప్పినవాళ్ళనీ, అసలు మాటే ఇవ్వనివాళ్ళనీ చూసింది. ఇక దేనికీ ఆశ్చర్యపోయే ఓపిక లేదనుకున్న వయసులో ఈయన వచ్చారు. వస్తూనే "చెల్లెమ్మా, నా కళ్ళజోడు చూశావా?" అన్నారు. పలకరింపు అనుకుంది. కాదు, అదే ఉద్యోగం.

బల్లల కింద దూరి దూరి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. పాత కర్టెన్ గుడ్డతో, పక్కన జిప్పు పెట్టి, ఒక దిండు కుట్టుకుంది. ఆఫీసులో కానీ, మీటింగులో కానీ, ఎవరి ఇంట్లో విందుకెళ్ళినా కానీ ఆ దిండు చంకలో ఉండాల్సిందే. "చెల్లెమ్మా" అన్న పిలుపు వినపడగానే దిండు నేల మీద వేసి మోకరిల్లేది. కొత్తగా వచ్చిన గుమస్తాలు, ఈ శాఖలో పూటకోసారి ప్రార్థన చేస్తారు కాబోలు అనుకునేవారు. మన చమురు బావుల సంగతి తెలిసినవాళ్ళు, చేయడం మంచిదే అనుకునేవారు.

వెతకడానికి ఆవిడకొక పద్ధతి ఉంది. ముందు మంత్రిగారి తల. తర్వాత జేబులు. ఆ తర్వాత బల్ల, సొరుగులు, కుర్చీ సందులు. చివరికి నేల. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అన్న సామెత ఆ ఆఫీసులో ఎవరూ వాడేవారు కాదు, మంత్రిగారి మీద చాడీ చెప్పినట్టు ఉంటుందని.

ఒకసారి పంచదార డబ్బాలో దొరికింది. ఒకసారి ఫ్లాస్కులో, వేడి టీతో సహా. ఒకసారి గది మూలనున్న పూలకుండీలో, గులకరాళ్ళ మధ్య. ఒకసారి ఏకంగా డ్రైవరు ముక్కు మీదే.

"ఎవరిదో సీటులో పడి ఉంటే పెట్టుకు చూశానమ్మా. రోడ్డంతా కడిగి ఆరేసినట్టు కనపడింది. తీయబుద్ధి కాలేదు" అన్నాడతను.

ఇన్నేళ్ళూ అతను ఏం చూసి నడిపాడో తలుచుకుని, ఆవిడ మర్నాటి నుంచి బస్సులో రావడం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకు విసిగి, కళ్ళజోడుకి ఒక తాడు కట్టి ఆయన మెడలో వేసింది. మధ్యాహ్నానికి మెడలో తాడుంది, తాడుకి జోడు లేదు.

"తాడు మాత్రం గట్టిది చెల్లెమ్మా, అస్సలు పోలేదు" అని మెచ్చుకున్నారు.

ఇలాంటి మనిషికి చమురు శాఖ ఎవరిచ్చారంటారా? ఏరి కోరి ఇచ్చారు.

ఆయనకు ముందున్న మంత్రి కాస్త చదువరి. బావుల మీద వచ్చిన రిపోర్టు ఒకటి పొరపాటున చదివాడు. చదివి, మర్నాడు సైకిలు మీద ఆఫీసుకొచ్చాడు. చమురు మంత్రే సైకిలెక్కాడంటే ఏదో పుట్టి మునిగిందని జనం డబ్బాలు పట్టుకుని పెట్రోలు బంకుల ముందు బారులు కట్టారు. వారం తిరక్కుండా ఆయన్ని సైకిలూ దించారు, పదవీ దించారు.

ప్రభుత్వానికి పెద్ద ఒకాయన ఉండేవాడు. అందరూ పెద్దాయన అనేవారు. ఆయన అప్పుడు అన్న మాట ఇది: "నాకు చదవని మంత్రి కావాలి. చదవనివాళ్ళు మనలో బోలెడుమంది ఉన్నారు, సరే. కానీ వాళ్ళు పక్కవాడి చేత చదివించుకుంటారు. చదవాలని ప్రాణం కొట్టుకుంటూ, పాపం కళ్ళజోడు లేక చదవలేకపోయే మనిషి అయితే, రేపు ఎవరడిగినా తప్పు మనది కాదు, కళ్ళజోడుది."

అలా కుదిరింది. మంత్రివర్గంలో చమురు సంగతి ఎప్పుడూ చివరి అంశం. దాని ముందు అంశం భోజనం. ఎప్పుడైనా భోజనం త్వరగా అయిపోయి చమురు దాకా వస్తే, పెద్దాయన "ఏమయ్యా, బావుల సంగతేమిటి?" అనేవాడు. చమురు మంత్రిగారు జేబులు తడుముకునేవారు. మంత్రులంతా కాసేపు నవ్వుకుని, వచ్చేసారి చూద్దామని లేచేవారు. కాఫీ కప్పుల మధ్య, దిండు మీద, పీఏ ఒక్కతే మిగిలేది.

రిపోర్టులు మాత్రం ఆగలేదు. అవి రాసేది బావుల ఇంజనీరు. పడుచుపిల్ల. ఆ పిల్ల బూట్లకున్న బురద చూసి ఆఫీసులో ఊడ్చేవాళ్ళు భయపడేవారు. బావుల దగ్గరే తిరిగి, అక్కడే తిని, చూసింది చూసినట్టు రాసేది. పాత బావుల్లోంచి ఇప్పుడు పది బకెట్లు పైకొస్తే తొమ్మిది నీళ్ళేనని రాసింది. కొత్త బావులు తవ్వినా తడి తప్ప ఏమీ తగలడం లేదని రాసింది. బస్సులు పెంచి, వాడకం తగ్గించి, ఉన్నదాన్ని ముందు ఆసుపత్రులకీ పొలాలకీ ఇవ్వమంది. చివర్లో ఇలా రాసింది: "ఇప్పుడే మొదలుపెడితే మెట్లు దిగొచ్చు. ఆగితే మేడ మీంచి దూకాలి."

ఈ పిల్లను పెద్దాయన ఒకసారి పిలిపించుకున్నాడు. పీఏ మంత్రిగారి వెనకే నిలబడి అంతా విన్నది.

"చూడమ్మా, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. ఎన్నికలయ్యే దాకా ఆ బావులు ఆగలేవా?"

"బావులకి ఓటు లేదండి" అంది ఆ పిల్ల.

చమురు మంత్రిగారికి దగ్గొచ్చింది. దగ్గో నవ్వో పీఏకి తెలియలేదు, ఆయన జేబురుమాలు అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడే ఫైలు వచ్చింది. పుకార్లు పుట్టించి జనాన్ని బెదరగొడుతున్నందుకు బావుల ఇంజనీరును ఉద్యోగంలోంచి తీసేయాలి. మంత్రిగారు చదివి సంతకం పెట్టడమే తరువాయి.

"చెల్లెమ్మా, నా కళ్ళజోడు?"

దొరకలేదు. ఫైలు వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. జోడు మళ్ళీ పోయింది. నెలలు గడిచాయి. ఫైలు అటూ ఇటూ తిరిగి తిరిగి, దాని అట్ట మంత్రిగారి కోటు కన్నా మాసిపోయింది. ఆ పిల్ల అక్కడ బావుల దగ్గర నీళ్ళు కొలుస్తూనే ఉంది. ఇక్కడ పీఏ బల్ల కింద దుమ్ము కొలుస్తూనే ఉంది.

ఆ రోజుల్లోనే మంత్రిగారి భార్య ఫోను చేసింది. పీఏ మాటల మధ్యలో, నోరు జారి, మొర పెట్టుకుంది.

"ఇంట్లో మీరెలా వేగుతున్నారో కానీ వదినా, నా వల్ల కావడం లేదు. రోజుకు ఎన్నిసార్లని వెతకను?"

"దేన్ని?"

"అదే, అన్నయ్యగారి కళ్ళజోడు."

"అదేమిటమ్మా? నా పెళ్ళినాటి నుంచి ఆయన ఇంట్లో ఒక్క వస్తువు పోగొట్టుకున్న పాపాన పోలేదు. నా సూది పడిపోతే చీకట్లో కూడా ఆయనే వెతికి పెడతారు."

పీఏ ఫోను పెట్టేసి, తన మోకాళ్ళ వంక చాలాసేపు చూసుకుంది.

మర్నాటి మధ్యాహ్నం ఆ ఫైలు మళ్ళీ వస్తోందని కబురొచ్చింది. టీ తేవడానికి బయల్దేరిన ఆవిడ ఫ్లాస్కు మర్చిపోయి వెనక్కి వచ్చింది. తలుపు ఓరగా ఉంది. లోపల మంత్రిగారు కుండీ ముందు గొంతుక్కూర్చుని, పెన్సిలుతో గులకరాళ్ళు పక్కకు తోసి, కళ్ళజోడును మడిచి, విత్తనం నాటినట్టు నాటి, పైన రాళ్ళు సర్దుతున్నారు. సర్దాక తల పక్కకు వంచి, బాగుందా లేదా అని చూసుకున్నారు కూడా.

"ఏం చేస్తున్నారు సార్?"

ఆయన ఉలిక్కిపడి లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. "మొక్క వాడిపోతోంది చెల్లెమ్మా. కాస్త మట్టి గుల్ల చేస్తే..."

"అది ప్లాస్టిక్ మొక్క సార్."

"అలాగా?" అని ఆయన ఆకు ముట్టుకుని చూశారు. "అందుకే ఇన్నాళ్ళూ పూయలేదు."

ఆవిడ తలుపు మూసింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒక మంత్రి ముందు అడక్కుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చున్నాక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చేయని దొంగతనం అంటగట్టి డిపో కాపలాదారుణ్ణి తీసేయమన్న కాగితం వచ్చిన రోజు, జోడు ఫ్లాస్కులో ఉంది. టైపిస్టులను సగానికి తగ్గించమన్న రోజు పంచదారలో. బావి కూలి చచ్చిపోయినవాడి భార్యకు పెన్షను కాగితం వచ్చిన రోజు మాత్రం జోడు ముక్కు మీద గోందుతో అంటించినట్టు ఉంది. సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊదారు కూడా. ఇన్నేళ్ళూ ఆవిడ జోడు ఎక్కడ దొరికిందో గుర్తుపెట్టుకుంది కానీ, ఎప్పుడు పోయిందో చూసుకోలేదు.

"అయితే వాళ్ళందరి ఉద్యోగాలూ..."

"ఇప్పటికీ ఉన్నాయి" అన్నారు ఆయన. "కాపలావాడికి మొన్న మనవడు పుట్టాట్ట."

"మరి నా మోకాళ్ళు సార్?" అంది ఆవిడ. కోపంగా అందామనుకుంది. అంత ఓపిక లేక మామూలుగా వచ్చింది. "నాకు చెబితే ఉత్తుత్తినే వెతికేదాన్ని కదా?"

"అదే వచ్చిన చిక్కు. నువ్వు ఉత్తుత్తినే వెతికితే నీ మొహంలో తెలిసిపోతుంది. నిజంగా విసుక్కుంటూ వెతికావు కాబట్టే అందరూ నమ్మారు. ఆ విసుగు నటించడం నీ తరం కాదు చెల్లెమ్మా."

అప్పుడే తలుపు తట్టిన చప్పుడయింది. బావుల ఇంజనీరు. తన ఫైలు వస్తోందని తెలిసి, ఏదో ఒకటి తేల్చుకుందామని బురద బూట్లతో తనే వచ్చింది. లోపలికొచ్చి, కుండీని, చెదిరిన రాళ్ళను, రాళ్ళలోంచి పైకి తేలిన కళ్ళజోడు కాడను చూసింది. తెలివైన పిల్ల. రెండో మాట అడగలేదు.

"నా ఉద్యోగం ఇందుకే ఉందన్నమాట" అంది. "చాలా థాంక్స్ సార్. కానీ నా రిపోర్టు కూడా ఆ కుండీలోనే ఉంది కదా?"

మంత్రిగారు ఒక గులకరాయిని వేలితో సర్దారు.

"మీరు నన్ను కాపాడారు. బావుల్లో మాత్రం చుక్క పెరగలేదు. నన్ను తీసేయాలన్న ఫైలు నడవకుండా ఆపిన చెయ్యే నా రిపోర్టునీ ఆపేసింది."

"చెప్పినా వినరమ్మాయ్. ఆ సైకిలాయన ఏమయ్యాడో చూశావు కదా. వినేవాళ్ళుంటే నేను చెప్పేవాణ్ణే."

"మీరు ఎప్పుడైనా చెప్పి చూశారా సార్?"

ఆయన కుండీలోంచి కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు. "లేదు" అన్నారు చివరికి. ముసలాయన అని పీఏకి అప్పుడే తట్టింది.

ఇది ఇలా ఉండగా అక్కడ పెద్దాయన ఓపిక అడుగంటింది. బావుల కన్నా ముందే. రాబోయే చట్టసభ సమావేశంలో చమురు మీద ప్రకటన చేయక తప్పదు. బంకుల దగ్గర గుసగుసలు పెరిగాయి. అందుకని ఒకే దెబ్బకు రెండు పిట్టలు అన్నట్టు ప్రకటన తనే రాయించాడు. మన బావులు మూడు తరాలకు సరిపోతాయి. కాదని పుకారు పుట్టించిన ఇంజనీరును ఈ క్షణం నుంచి ఉద్యోగంలోంచి తొలగించాం. సభలో మంత్రి నోటి వెంట వచ్చిందంటే అదే ఉత్తర్వు. ఇక ఫైలూ అక్కర్లేదు, సంతకమూ అక్కర్లేదు.

"కళ్ళజోడు కథ నా దగ్గర కాదు" అన్నాడు పెద్దాయన. కళ్ళజోళ్ళ కొట్టు నుంచి మూడు కొత్త జోళ్ళు తెప్పించి తన కార్యదర్శి చేతికిచ్చాడు. అవీ పోతాయేమోనని, ప్రకటనను గుడ్డివాడు కూడా చదవగలిగేంత లావు అక్షరాలతో కొట్టించాడు. ఒక్కో పేజీకి రెండే మాటలు. 'మన' అన్న మాటే సగం పేజీ తిన్నది. అరపేజీ ప్రకటన కాస్తా ఇటుకంత కట్ట అయింది.

ఆ కట్ట పీఏ చేతికిచ్చి, "మీరు అందించడం, ఆయన చదవడం. ఇంకేం లేదు" అన్నాడు కార్యదర్శి.

సభకు వెళ్ళేరోజు మంత్రిగారు కారులో కిటికీ వైపు కూర్చున్నారు. పక్కన కట్టతో, దిండుతో పీఏ. అవాళ బస్సుకు సెలవిచ్చి, ప్రాణాలకు తెగించి కారెక్కింది. మంత్రిగారి జోడు ముక్కు మీదే ఉంది. తాడుకే ఉంది. అలా ఉండడం చూస్తే ఆవిడకు మొదటిసారి దిగులేసింది.

"ఇవాళ పోలేదా సార్?"

"ఎక్కడ పోగొట్టను చెల్లెమ్మా? ఒకటి పోతే మూడున్నాయి. మూడూ పోతే అక్షరాలున్నాయి." ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నారు. "అలిసిపోయాను. చదివేసి ఇంటికి పోతాను. ఆ అమ్మాయికి ఇంకెక్కడైనా చూద్దాం."

దారిలో బంకు ముందు అవాళ కూడా బారు ఉంది. ఒకావిడ స్కూటరు తోసుకుంటూ వస్తోంది. చమురు మంత్రి కారుకని జనం దారి వదిలారు. ఒకతను చెయ్యి కూడా ఊపాడు. మంత్రిగారు తిరిగి ఊపబోయి, చెయ్యి దించేశారు.

సభలో మంత్రులు ముందు వరసలో, వాళ్ళ అధికారులు వెనక వరసలో. బావుల ఇంజనీరును కూడా పిలిపించి చివరి కుర్చీలో కూర్చోబెట్టారు, తన సంగతి తనే చెవులారా వినాలని. అక్కడికి బూట్లు తుడుచుకుని వచ్చింది ఆ పిల్ల. అది చూసి పీఏ తన దిండును దగ్గరకు లాక్కుంది.

"చమురు శాఖ మంత్రిగారి ప్రకటన" అన్నారు సభాపతి.

మంత్రిగారు లేచారు. జోడు సర్దుకున్నారు. కార్యదర్శి మూడు జోళ్ళూ వేళ్ళ మధ్య విసనకర్రలా పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. మంత్రిగారు కట్ట కోసం చెయ్యి వెనక్కి చాచారు.

చేతిలో ఏమీ పడలేదు.

వెనక్కి తిరిగారు. పీఏ రెండు చేతులూ విప్పి చూపించింది.

"కనపడటం లేదు సార్."

"ఏది?"

"కాగితం."

ఆయన ఆవిడ మొహంలోకి చూశారు. విసుగు నటించడం ఆవిడ తరం కాదని ఆయనే అన్నారు. అవాళ నటించలేదు. ఇన్నేళ్ళ విసుగూ నిజంగానే ఉంది మొహంలో, కాకపోతే కళ్ళ దగ్గర ఇంకేదో కూడా ఉంది.

"బాగా వెతికావా చెల్లెమ్మా?"

"తల దగ్గర్నుంచి నేల దాకా వెతికాను సార్."

మంత్రిగారి మీసం కింద ఏదో కదిలింది. పెద్దాయన మొహం ఎర్రబడింది. కార్యదర్శి బల్ల కింద దూరాడు. అతన్ని చూసి ఇద్దరు మంత్రులు దూరారు. ఇటుకంత కట్ట, ఎక్కడికి పోతుంది? చివరికి పెద్దాయనే కుర్చీ జరిపి వంగి చూశాడు. దేశాన్ని నడిపేవాళ్ళంతా అలా బల్లల కింద ఉండగా, పీఏ ఒక్కతే తన దిండు మీద నిటారుగా, తొణకకుండా కూర్చుంది.

"అధ్యక్షా" అన్నారు చమురు మంత్రిగారు, "నా జీవితంలో మొదటిసారి కళ్ళజోడుంది, కాగితం లేదు. సభ సమయం వృథా చేయడం ఇష్టం లేదు. గుర్తున్నది చెప్పి కూర్చుంటాను."

చెప్పారు. గట్టిగా కాదు, గుండెలు బాదుకుంటూ కాదు. అలిసిపోయిన మనిషి ఇంటి లెక్క ఇంట్లోవాళ్ళకు చెప్పినట్టు చెప్పారు. బావుల్లోంచి వచ్చేది ఎక్కువగా నీళ్ళేనన్నారు. ఈ మాట చెప్పడానికి భయపడి మనమంతా ఇన్నేళ్ళూ నీళ్ళు నమిలామన్నారు. మెట్లు దిగుదామా, మేడ మీంచి దూకుదామా అని అడిగారు. "ఇవన్నీ మా బావుల ఇంజనీరు రాసిన రిపోర్టులో ఉన్నాయి. నేను మొత్తం చదివాను. ఒక్కసారి కాదు, మూడుసార్లు. అందులో ప్రతి మాటా ఇవాళ నుంచి నా మాట."

సభ నివ్వెరపోయింది. చమురు అయిపోతోందని కాదు. ఆయన చదివాడని.

బల్లల కింద ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే పైకొచ్చారు, మోకాళ్ళు దులుపుకుంటూ.

తర్వాత ఏమయిందంటారా? ఏమవుతుంది? ఆ సాయంత్రమే మంత్రిగారి పదవి ఊడింది. బావుల ఇంజనీరు ఉద్యోగం మాత్రం ఊడలేదు. మంత్రి తన మాటగా సభలో చెప్పిన రిపోర్టు అది. దాన్ని పుకారంటే సభలో పుకారు చెప్పించింది పెద్దాయనే అవుతాడు. అందుకని ఆమెను తీసేయనూ లేరు, మెచ్చుకోనూ లేరు. ఆమె తిరిగి బావుల దగ్గరకు పోయి నీళ్ళు కొలుస్తోంది. ఊళ్ళో కొందరు స్కూటర్లకు గుడ్డలు కప్పి బస్సెక్కారు. ఒకరిద్దరు సభ్యులు మరుసటి సమావేశంలో, ఇన్నేళ్ళలో మొదటిసారి, భోజనానికి ముందే చమురు సంగతి అడిగారు. అంతే. అంతకన్నా పెద్ద ముచ్చట ఏదన్నా చెబితే అబద్ధమవుతుంది.

పెద్దాయన ఊరుకోలేదు, కమిటీ వేశాడు. చమురు ఎక్కడికి పోతోందో తేల్చడానికి కాదు. కాగితం ఎక్కడికి పోయిందో తేల్చడానికి.

కమిటీలో అయిదుగురు పెద్దలు. పీఏని పిలిచారు. ఆవిడ దిండు తెచ్చుకుని, కుర్చీలో వేసుకుని కూర్చుంది.

"అమ్మా, ఆ కట్ట చివరిసారి మీ చేతిలోనే ఉంది. ఎక్కడ పెట్టారు?"

"గుర్తు లేదండీ. చూస్తే చెబుదును. చూద్దామంటే కళ్ళజోడు కనపడటం లేదు."

"మీ తల మీదే ఉంది కదమ్మా?"

"ఇది దూరం చూసేదండీ. పోయింది దగ్గరది. ఇప్పటిదాకా చేతిలోనే ఉంది, ఈ గదిలోనే ఎక్కడో జారింది." ఆవిడ బల్ల కిందకు వంగబోయి, నడుం పట్టుకుని "అమ్మా" అంది.

పెద్దవాళ్ళు కదా, చూస్తూ ఊరుకోలేకపోయారు. కమిటీ అధ్యక్షుడు లావుపాటి మనిషి. "మీరుండండమ్మా, మేం చూస్తాం" అని బల్ల పట్టుకుని మెల్లగా వంగాడు. మోకాలు నేలకు తగలగానే మొహం చిట్లించాడు.

"అయ్యో, నేల గట్టిదండీ. ఇది వేసుకోండి" అని పీఏ తన దిండు అందించింది.

ఆయన దాని మీద మోకాళ్ళూని, కాస్త అటూ ఇటూ కదిలి చూసుకున్నాడు. "ఇదీ గట్టిగానే ఉందేమిటమ్మా? దూది కాదా?"

"ప్రభుత్వం సరుకు వేయించానండీ" అంది పీఏ.

మిగతా నలుగురూ కూడా నాలుగు వైపులా దిగారు. వాళ్ళను వెతకనిచ్చి ఆవిడ వరండాలోకి వచ్చింది. అక్కడ బెంచీ మీద మాజీ మంత్రిగారు, పేపరు చేతులు చాచినంత దూరం పట్టుకుని చదువుకుంటున్నారు. ఆయన వాంగ్మూలం పొద్దున్నే అయిపోయింది. పోవచ్చు. పోలేదు.

"మీరేం చెప్పారు సార్?"

"కట్ట నేనే నమిలి మింగేశానని చెప్పాను. నీ మీదకు రాకుండా ఉంటుందని. నమ్మలేదు చెల్లెమ్మా. అంత పెద్ద అక్షరాలు గొంతు దిగవన్నారు." ఆయన బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చారు. "దొరికిందా వాళ్ళకి?"

"వెతుకుతున్నారు సార్."

"చాలాసేపు పడుతుందా?"

ఆవిడ తలుపు సందులోంచి ఒకసారి లోపలికి చూసి వచ్చి, మోకాళ్ళు చాపుకుని ఆయన పక్కన కూర్చుంది.

"ఆయన దాని మీంచి లేచేదాకా సార్."